చిరునామా మారిన విషం

పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రం నుంచి బయటికి వదులుతున్న నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. అందులో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. మూత్రకోశంలో ఇన్ఫెక్షన్ వచ్చిందనో, విరేచనాలు తగ్గడం లేదనో వెళితే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర్నుంచి నగరంలో కార్పొరేట్ ఆసుపత్రి దాకా రాసిచ్చే మందే అది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కంటే ఆ కాల్వ నీటిలోనే మందు ఎక్కువ ఉంది. దాదాపు 90 కంపెనీల వ్యర్థజలం రోజుకు 15 లక్షల లీటర్ల చొప్పున అప్పట్లో ఆ కేంద్రానికి చేరేది. ఆ లెక్కన ఒక్క రోజులో వాగు పాలైన సిప్రోఫ్లాక్సాసిన్ సుమారు 45 కిలోలు. స్వీడన్ దేశమంతా కలిసి ఐదు రోజుల్లో వాడే మందు అంత. పైగా అది రాత్రిపూట దొంగచాటుగా వదిలిన నీరు కాదు. శుద్ధి పూర్తయింది, ఇక వదలొచ్చని నిర్ధారించుకుని వదిలిన నీరు.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకంటే, అదే పరిశ్రమ ఇవాళ కొత్త ఊళ్లకు, అంతకంటే పెద్ద ఎత్తున తరలిపోతోంది. పటాన్‌చెరులో ఎక్కడ పొరపాటు జరిగిందో ఎవరూ తేల్చలేదు. మళ్లీ అలా జరగకుండా ఆపే నిబంధన కూడా రాలేదు. గత నలభై ఏళ్ల అనుభవాన్ని బట్టి చూస్తే మన ప్రభుత్వాలకు ఈ విషయంలో బాగా వచ్చిన విద్య ఒక్కటే. మన వాకిలి ఊడ్చి, చెత్తను పక్కింటి గుమ్మం ముందు పోయడం.

మెతుకుసీమగా పిలిచే మెదక్ జిల్లాలోకి ఫ్యాక్టరీలు వచ్చినప్పుడు జనం అడ్డుపడలేదు. ఎదురెళ్లి స్వాగతించారు. 1960లలో బాలానగర్‌లో మొదలైన ప్రభుత్వరంగ ఐడీపీఎల్ మందుల తయారీ మెలకువలు తెలిసిన ఒక తరాన్ని తయారుచేసింది. వాళ్లలో కొందరు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టుకున్నారు. 1970లలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ వచ్చింది. ఆ తర్వాత బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి, పాశమైలారం వరసగా మారిపోయాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాక ఆ జిల్లాకు పరిశ్రమల తాకిడి ఇంకా పెరిగింది. వెనుకబడిన ప్రాంతమని రాయితీలు దొరికాయి, భూమి చవక, నగరం పక్కనే. వ్యర్థజలం ఎక్కడికి పోవాలన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. పల్లం ఎటుంటే అటు పోయింది. ఇస్కవాగులోంచి నక్కవాగుకు, నక్కవాగులోంచి మంజీరకు, మంజీరతో పాటు గోదావరికి.

నక్కవాగు కింద వరి వేసిన రైతులకు పంట చేతికి రావడం మానేసింది. బావుల్లో నీళ్లు రంగు తిరిగాయి. కంపెనీ నీళ్లు తాగి పశువులు జబ్బుపడ్డాయి. పటాన్‌చెరులో చిన్న ఆసుపత్రి నడిపిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు తన దగ్గరికి వచ్చే రోగుల వెనక ఉన్న నీటిని చూశారు. మందు చీటీలతో సరిపెట్టుకోకుండా రైతులను కూడగట్టి, దశాబ్దాల పాటు ఈ పోరాటాన్ని నడిపారు. 1990లో విషయం సుప్రీంకోర్టుకు చేరింది. మధ్యంతర ఉత్తర్వులతో కొన్ని ఊళ్లకు మంచినీళ్లు వచ్చాయి, కొందరు రైతులకు ఎకరానికి ఇంతని పరిహారం వచ్చింది. 2001లో కేసును హైకోర్టుకు పంపారు. అక్కడి నుంచి జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లి, 2017లో తీర్పు వెలువడింది. మొత్తం 27 ఏళ్లు. వకాల్తా మీద వేలిముద్ర వేసిన రైతు మనవడు తీర్పు ప్రతి అందుకోవాల్సిన పరిస్థితి. పారిశ్రామిక వివాదాల్లో కోర్టును నమ్ముకోమని పల్లెలకు సలహా చెప్పేవారు ఈ తేదీలు ఒకసారి చూసుకోవాలి.

ఇంతకీ ఈ పరిశ్రమలో విషం వాగుదాకా ఎలా వస్తుంది? బల్క్‌డ్రగ్, అంటే మందుల ముడిసరుకు, తయారీలో పనికొచ్చే మందు కంటే పనికిరాని ద్రవం చాలా రెట్లు ఎక్కువ మిగులుతుంది. సాల్వెంట్లు, ఆమ్లాలు, చిక్కటి ఉప్పునీరు, అందులో కరిగిపోయిన కొంత మందు. లవణాలు మితిమీరిన ఆ నీటిని ఉమ్మడి కేంద్రం తీసుకోదు. కంపెనీయే ఆవిరి యంత్రాల్లో మరిగించి, మిగిలిన ఉప్పు ముద్దను దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపించాలి. మరిగించాలంటే బాయిలర్ నడవాలి, బొగ్గు కాలాలి, ఆ ఖర్చు తడిసి మోపెడవుతుంది. అదే ట్యాంకర్ డ్రైవర్‌కు కొన్ని వేలు ఇస్తే రాత్రికి రాత్రి పని అయిపోతుంది. అందరూ ఇలా చేస్తారని అనడం లేదు. నిజాయతీగా ఖర్చుపెట్టేవాడు నష్టపోయి, ట్యాంకర్ పిలిచేవాడు లాభపడే ఏర్పాటును మనమే నిలబెట్టామన్నదే అసలు బాధ.

ముసురు పట్టిన రాత్రులు వీళ్లకు పండగ. ఊరి బయట కల్వర్టు దగ్గర లైట్లు ఆర్పి ఆగిన ట్యాంకర్, వాల్వు తిప్పితే పావుగంటలో ఖాళీ అవుతుంది. తెల్లారేసరికి నాలా మీద మోకాలెత్తు నురగ, ఊరంతా ముక్కుపుటాలు మండే ఘాటు. రెండో రోజుకు చెరువులో చేపలు పొట్టలు పైకి తేలతాయి. చేప పిల్లలు కొని వదిలిన మత్స్యకార సంఘం ఫిర్యాదు చేస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి సిబ్బంది వచ్చి నమూనా పట్టుకునేసరికి ఇంకో వాన పడి నీరు పలచబడి ఉంటుంది. నీటిలో ఆక్సిజన్ తగ్గడం వల్ల చేపలు చచ్చిపోయాయని నివేదిక వస్తుంది. అది అబద్ధమేమీ కాదు. ఆక్సిజన్ ఎందుకు తగ్గిందన్న సంగతి మాత్రం అందులో ఉండదు.

అయితే ట్యాంకర్ల దొంగతనాన్ని పూర్తిగా ఆపినా ప్రమాదం పోదని ముందు చెప్పిన 2007 ఫలితమే చెబుతోంది. శుద్ధికేంద్రాల్లో అసలు పని చేసేది యంత్రాలు కావు, బ్యాక్టీరియా. వ్యర్థజలంలోని సేంద్రియ పదార్థాన్ని అవి తినాలి. బ్యాక్టీరియాను చంపే మందులు కలిసిన నీటిని తెచ్చి వాటి మీదే పోస్తే ఏమవుతుంది? చాలావరకు చస్తాయి, చావనివి మిగులుతాయి. ఆ మిగిలినవే సంతానాన్ని పెంచుకుంటాయి. పటాన్‌చెరులో దీనికి తోడు ఇంకో పని జరిగింది. బ్యాక్టీరియా చురుగ్గా పని చేయడానికని కంపెనీల నీటిలో మనుషుల మురుగునీరు కూడా కలిపేవారు. మన పేగుల్లో బతికే క్రిములు, కుప్పలుగా యాంటీబయాటిక్‌లు, తొట్లలో రోజుల తరబడి కలిసి ఉండే అవకాశం. మందులకు లొంగని క్రిములను పెంచే ప్రయోగశాల కట్టమని ఎవరైనా అడిగితే ఇంతకంటే మంచి నమూనా గీయడం కష్టం.

ఫలితం ఊహ కాదు. ఆ కేంద్రం నుంచి సేకరించిన 93 రకాల బ్యాక్టీరియాను 39 యాంటీబయాటిక్‌లతో పరీక్షించిన అధ్యయనం 2013లో వెలువడింది. అందులో 86 శాతం క్రిములు 20 లేదా అంతకు మించిన మందులకు లొంగలేదు. వాగు అడుగు బురదలో నిరోధక జన్యువులు పేరుకున్నాయని అంతకు ముందే, 2011లో, మరో అధ్యయనం చూపించింది. ఈ జన్యువులు ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి చేతులు మారతాయి. జాతి వేరైనా మారతాయి. వాగులో నీరు తాగిన గేదె నుంచి పాలు పిండే చేతికి, ఆ చేతి నుంచి ఇంట్లోకి, ఇంట్లోంచి ఆసుపత్రికి వాటి ప్రయాణానికి అడ్డేమీ లేదు. 2009లో ప్రచురితమైన పరిశోధన ఇంకొంచెం దగ్గరికి వచ్చి చూసింది. చుట్టుపక్కల చెరువుల్లోనే కాదు, ఆరు గ్రామాల బావుల్లోనూ మందుల అవశేషాలు కనిపించాయి.

2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది మరణానికి మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమైందని అంచనా. ఇందులో వ్యర్థజలం వాటా ఎంతో విడదీసి చెప్పగలిగే లెక్క లేదు. డాక్టర్ చీటీ లేకుండా మందులు అమ్మే దుకాణాలు, కోళ్ల ఫారాల్లో విచ్చలవిడి వాడకం, జ్వరం రాగానే యాంటీబయాటిక్ అడిగే మన అలవాటు, అన్నీ దీనికి బాధ్యులే. కాకపోతే మిగతావాటిలో మందు మనిషి ఒంట్లోంచో, పశువు ఒంట్లోంచో పోయి పలచబడుతుంది. ఇక్కడ చిక్కటి మందు తిన్నగా నీళ్లలో పడుతోంది.

మరి పటాన్‌చెరు సమస్యకు ప్రభుత్వం చూపిన పరిష్కారం ఏమిటి? 18 కిలోమీటర్ల గొట్టం. ఉమ్మడి కేంద్రం నీటిని నక్కవాగులోకి వదలకుండా, నగరం కింద నుంచి అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి చేర్చారు. అక్కడ రోజుకు 33.9 కోట్ల లీటర్ల నగర మురుగుతో కలిపి మూసీలోకి పంపుతారు. నక్కవాగుకు ఊరట దక్కిన మాట నిజం, కాదనక్కర్లేదు. కానీ 2007 నాటి మోతాదునే తీసుకుని లెక్కవేయండి. 15 లక్షల లీటర్లు 33.9 కోట్లలో కలిస్తే రెండు వందల రెట్లకు కాస్త ఎక్కువగా పలచబడుతుంది. అప్పుడు లీటరుకు 137 మైక్రోగ్రాములు మిగులుతాయి. సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 0.064 మైక్రోగ్రాములు దాటితేనే నిరోధక క్రిములకు ఊతం దొరుకుతుందని శాస్త్రవేత్తలు 2016లో ప్రతిపాదించిన హద్దు. అంటే కొంత బురదలో చిక్కుకుపోయినా, ఇంకొంత విడిపోయినా, పలచబరచడం ఒక్కటే మందు అనుకుంటే రెండు వేల రెట్ల దూరంలో ఉన్నాం. ఆ మూసీ నీటితోనే నగరం దిగువన పీర్జాదిగూడ, ప్రతాపసింగారం పొలాల్లో పశువుల గడ్డి, ఆకుకూరలు పెరుగుతాయి. ఆ గడ్డి హైదరాబాద్ పాడి గేదెలకే వస్తుంది. పటాన్‌చెరు రైతు ముంగిట్లోంచి ఎత్తిన చెత్త నగరవాసి పాలగ్లాసు దగ్గరికి తిరిగి వచ్చే దారి ఇది.

ఇవన్నీ కొలవాల్సింది కాలుష్య నియంత్రణ మండలి. అది ఏం కొలుస్తుందో చూడండి. సేంద్రియ కాలుష్యాన్ని చూపే బీఓడీ, సీఓడీ, ఇంకా లవణాలు, పీహెచ్, రంగు. వీటన్నింటిలో పాసైన నీటిలో కూడా యాంటీబయాటిక్ ఉండొచ్చు. అది ఉండకూడదని చెప్పే చట్టబద్ధమైన పరిమితి మన దేశంలో లేదు. పెట్టాలన్న ఆలోచన ఒకసారి వచ్చింది. కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా విడుదల చేసింది. వందకు పైగా యాంటీబయాటిక్‌లకు వ్యర్థజలంలో ఎంత మించకూడదో పట్టిక వేసింది. ప్రపంచంలోనే ముందడుగు అని చాలామంది మెచ్చుకున్నారు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పట్టిక లేదు. దాని మీద పార్లమెంటులో తెలుగు రాష్ట్రాల ఎంపీలు గట్టిగా నిలదీసిన దాఖలా కనిపించదు. దేశంలో బల్క్‌డ్రగ్స్ రాజధానిని అని చెప్పుకునే నగరానికి ప్రాతినిధ్యం వహించేవారికి ఆ పట్టిక ఇంటి విషయం కావాలి.

ఇంతలో శిక్షలు కూడా మెత్తబడ్డాయి. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఉల్లంఘనకు ఐదేళ్ల దాకా జైలు ఉండేది. 2023 జన్ విశ్వాస్ చట్టంతో అది పోయి, 10 వేల రూపాయల నుంచి 15 లక్షల దాకా జరిమానా వచ్చింది. జైలు శిక్షలు గతంలో ఎవరికి పడ్డాయి కనుక అని వాదించవచ్చు. కానీ 15 లక్షలు ఒక మోస్తరు మందుల కంపెనీకి లెక్కలోకి వచ్చే మొత్తమా? ఆవిరి యంత్రం నడిపే ఖర్చు కంటే జరిమానా చవకైతే, అది జరిమానా కాదు, అనుమతి రుసుము.

ఈ నేపథ్యంలోనే కొత్త పార్కులను చూడాలి. రంగారెడ్డి జిల్లా యాచారం ప్రాంతంలో ముచ్చర్ల కేంద్రంగా సుమారు 19 వేల ఎకరాల ఫార్మాసిటీ తలపెట్టారు. ప్రభుత్వం మారాక 2023 చివర్లో దాన్ని పక్కనపెడుతున్నట్లు ప్రకటించి, జిల్లాల్లో ఫార్మా విలేజీలన్నారు. వికారాబాద్ జిల్లా లగచర్లలో 2024 నవంబరులో భూసేకరణ అధికారుల మీదికి జనం తిరగబడ్డారు. ఆ తర్వాత ఫార్మా అన్న పేరు తీసేసి పారిశ్రామిక కారిడార్ అన్నారు. ఆ తిరుగుబాటులో హింసను ఎవరూ సమర్థించరు. కానీ పల్లెలు ఫార్మా పేరు వింటేనే ఎందుకు ఉలిక్కిపడుతున్నాయో గద్దెనెక్కినవారు ఆలోచించారా అన్నది అనుమానం. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఫ్యాక్టరీలో జరిగిన పేలుడుకు 50 మందికి పైగా కార్మికులు బలైపోయారు. అది వేరే రకం ప్రమాదం. కానీ తనిఖీలు ఎలా సాగుతాయో పల్లె జనానికి అర్థం కావడానికి అది కూడా చాలు.

ఆంధ్రప్రదేశ్‌లో కథ సముద్రం వైపు సాగుతోంది. పరవాడ ఫార్మాసిటీ మధ్య ఇరుక్కుపోయిన తాడి గ్రామస్తులు తమను వేరేచోటికి తరలించమని ఏళ్ల తరబడి అడుగుతున్నారు. సొంత ఊరిని వదిలి వెళ్తామని జనమే వేడుకునే స్థితి మామూలుది కాదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వేసిన సూచీలో 70 మార్కులు దాటితే అత్యంత కలుషిత ప్రాంతం. విశాఖకు 70.82, పటాన్‌చెరు-బొల్లారానికి 70.07 వచ్చాయి. అలాంటి విశాఖ పక్కనే ఇప్పుడు నక్కపల్లి. మందుల ముడిసరుకు కోసం చైనా మీద ఆధారపడకూడదని కేంద్రం 2020లో పథకం తెచ్చింది. 2022లో గుజరాత్, హిమాచల్‌ప్రదేశ్, ఆంధ్రప్రదేశ్‌లకు ఒక్కో బల్క్‌డ్రగ్ పార్కు మంజూరు చేసింది. మొదట కాకినాడ జిల్లా తొండంగి అనుకున్నది చివరికి అనకాపల్లి జిల్లా నక్కపల్లికి వచ్చింది. రాజయ్యపేట మత్స్యకారులు 2025లో దీక్షలకు కూర్చున్నారు, రోడ్డు దిగ్బంధించారు. వాళ్లకు వచ్చే జవాబు తీరమంతటా ఒక్కటే. నీటిని శుద్ధి చేస్తాం, లోతు సముద్రంలోకి వదులుతాం. సముద్రం పెద్దదే. కానీ వలలు పడేది లోతు సముద్రంలో కాదు, ఒడ్డుకు దగ్గర్లో. చేపలు గుడ్లు పెట్టేదీ అక్కడే. కెరటానికి, ప్రవాహానికి మన ఇంజినీర్ల డ్రాయింగ్ తెలియదు.

పరిశ్రమ మీద పగతో రాస్తున్న మాటలు కావివి. చవకైన యాంటీబయాటిక్ లేకపోతే ముందు చచ్చేది పేదవాడే. హైదరాబాద్, విశాఖల్లో లక్షల కుటుంబాలు ఈ పరిశ్రమ మీద బతుకుతున్నాయి. ముడిసరుకు కోసం చైనా చేతులవైపు చూడకూడదన్న ఆలోచనలోనూ తప్పులేదు. జీరో లిక్విడ్ డిశ్చార్జి పెట్టుకుని, నీటి చుక్క బయటికి వదలకుండా నడుపుతున్న ప్లాంట్లు ఉన్నాయి. అది సాధ్యమేనని వాళ్లే చూపించారు. మరి సాధ్యమైనదాన్ని తప్పనిసరి చేయడానికి వెనకాడటం ఎందుకు? మందు ధర పెరుగుతుందంటారు. వ్యర్థజలం ఖర్చును ఇవాళ రాజయ్యపేట జాలరి, నక్కవాగు రైతు, ఐసీయూ బిల్లు కట్టే రోగి భరిస్తున్నారు. ధర పెరగదన్నది భ్రమ. బిల్లు ఎవరి పేరు మీద రాస్తున్నామన్నదే తేడా. కొనేవాళ్లలోనూ కదలిక వస్తోంది. నార్వే ఆసుపత్రుల యాంటీబయాటిక్ టెండర్లలో తయారీదారు పర్యావరణ పద్ధతులకు కూడా మార్కులేస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద మార్గదర్శకాలు ప్రకటించింది. రేపు విదేశీ కొనుగోలుదారు అడిగినప్పుడు చేసేదాన్ని ఇవాళ మన ఊరివాళ్లు అడుగుతుంటే చేయకపోవడానికి కారణం కనిపించదు.

చేయాల్సింది పెద్ద జాబితా కాదు. ప్రతి కంపెనీ గేటు దగ్గర, ఉమ్మడి కేంద్రంలో కలవకముందే, తాను తయారుచేసే మందు వ్యర్థజలంలో ఎంత పోతోందో కొలిపించాలి. ఉమ్మడి తొట్టిలో కలిశాక ఎవరి పాపం ఎవరిదో తేలదు. ఆ అంకెలను నెలనెలా గ్రామ పంచాయతీ బోర్డు మీద తెలుగులో అతికించాలి. ట్యాంకర్లకు జీపీఎస్ పెట్టామంటున్నారు. వాటి దారిని కంపెనీలోనో, మండలి ఆఫీసులోనో మాత్రమే కాక చెరువు కింద ఊళ్లకూ చూపించాలి. చేపలు చచ్చినా, పంట పోయినా రుజువు చేసే భారం రైతు మీద కాక కంపెనీల మీద ఉండాలి.

కేంద్రం పట్టిక తీసేసింది కాబట్టి మా చేతుల్లో ఏమీ లేదని రాష్ట్రాలు అంటే నమ్మనక్కర్లేదు. కేంద్రం నిర్ణయించిన ప్రమాణాల కంటే కఠినమైనవి రాష్ట్ర మండళ్లు పెట్టుకోవచ్చని పర్యావరణ పరిరక్షణ నిబంధనల్లోనే రాసి ఉంది. 2020 ముసాయిదాలోని పట్టిక తయారుగా ఉంది. నక్కపల్లిలో ఉత్పత్తి మొదలుపెట్టడానికి కంపెనీలు సమ్మతి పత్రాల కోసం దరఖాస్తు చేసుకుంటాయి. ఆ పత్రాల్లో ఈ పరిమితులను షరతుగా చేర్చడానికి విజయవాడలోని మండలికి, తెలంగాణలో గడువు తీరుతున్న సమ్మతి పత్రాలను మళ్లీ ఇచ్చేటప్పుడు అదే పని చేయడానికి హైదరాబాద్‌లోని మండలికి ఢిల్లీ అనుమతి అవసరం లేదు.